రీసెట్ చేశాక కూడా రూట్ ఎందుకు మిగిలింది?

ప్రశ్న: మా మేనమామ వాడి పక్కన పెట్టేసిన నూక్ కలర్ (పుస్తకాలు చదువుకోవడానికి బార్న్స్ అండ్ నోబుల్ కంపెనీ తెచ్చిన ఆండ్రాయిడ్ పరికరం) నా చేతికొచ్చింది. ఎవరో దాన్ని రూట్ చేసి, అంటే కంపెనీ మూసి ఉంచిన సిస్టమ్‌ను మార్చే అధికారం సంపాదించి, ఇచ్చారట. ఎలా చేశారో ఆయనకూ తెలియదు. కొన్నాళ్లు బాగానే నడిచింది. ఇప్పుడు ఒక్కోసారి లోగో దగ్గరే ఆగిపోతోంది. తెరుచుకున్నా ఏదో ఒక యాప్ ‘ఫోర్స్ క్లోజ్’ అంటోంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫ్యాక్టరీ రీసెట్ చేశాను. నేను పెట్టుకున్న ఖాతాలు, యాప్‌లు పోయాయి గానీ జబ్బు పోలేదు. హోమ్ బటన్ నొక్కితే ఇప్పటికీ ఎవరో వేసిన వేరే లాంచరే (హోమ్ తెరను చూపే యాప్) వస్తోంది, అందులో సూపర్‌యూజర్ అనే యాప్ కూడా అలాగే ఉంది. వైఫై కలుస్తోంది, కంపెనీ దగ్గర రిజిస్ట్రేషన్ మాత్రం జరగడం లేదు. రీసెట్ సరిగ్గా పడలేదా? మళ్లీ చేయమంటారా? మామయ్య దాచుకున్న పీడీఎఫ్‌లు లోపల ఇంకా కనిపిస్తున్నాయి, అవి పోకూడదు.

సమాధానం: రీసెట్ సరిగ్గానే పడింది. ఇంకో పదిసార్లు చేసినా ఇంతకు మించి ఏమీ జరగదు, కాబట్టి ప్రస్తుతానికి ఆ బటన్ జోలికి వెళ్లకండి. ముందు ఆ పీడీఎఫ్‌లను బయటికి తీయండి. తెరుచుకున్న సమయం చూసి యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపితే లోపలి మెమరీ ఒక డ్రైవ్‌లా కనిపిస్తుంది. అందులో ఉన్నదంతా ఏరకుండా మొత్తంగా కాపీ చేసుకోండి. ఏది పనికొస్తుందో తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. మొదటి రీసెట్‌లో పోలేదు కదా అని ధీమా పడొద్దు. ఇక ముందు చేయబోయే పనుల్లో లోపల ఉన్న ప్రతిదీ పోతుందనే లెక్కలో ఉండండి.

‘ఫ్యాక్టరీ రీసెట్’ అన్న పేరు వల్లే చాలామంది మోసపోతారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మొదటి రోజు స్థితికి పరికరం వెళ్లిపోతుందని అనుకుంటారు. నిజానికి ఆండ్రాయిడ్‌లో ఆ బటన్ చేసేది డేటా, క్యాష్ అనే రెండు పార్టిషన్లను (మెమరీని విడగొట్టిన గదులను) తుడవడం. మీ ఖాతాలు, మీరు వేసుకున్న యాప్‌లు, సెట్టింగులు ఉండేది డేటాలో. ఆండ్రాయిడ్ ఉండేది సిస్టమ్ అనే ఇంకో పార్టిషన్‌లో. రీసెట్ దాన్ని ముట్టుకోదు. ముట్టుకోవాల్సిన అవసరం లేదని తయారుచేసినవాళ్ల నమ్మకం, ఎందుకంటే మామూలుగా అందులో ఎవరూ ఏమీ రాయలేరు. రూట్ చేయడమంటే ఆ రాయలేని చోట రాయడమే. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశాక ఇల్లు ఊడ్చి కడిగినా, వాళ్లు గోడ కొట్టి పెట్టుకున్న తలుపు అక్కడే ఉంటుంది కదా, ఇదీ అంతే. రూట్ అధికారాన్ని యాప్‌లకు పంచే సూపర్‌యూజర్, దాని వెనకుండే ‘ఎస్‌యూ’ అనే చిన్న ప్రోగ్రాం, ఆ కొత్త లాంచర్ అన్నీ సిస్టమ్‌లోకి చేరాయి కాబట్టే ఊడ్పుకు అందలేదు.

ఫోర్స్ క్లోజ్‌లకూ బహుశా ఇదే కారణం. అప్పట్లో రూట్ చేసినవాళ్లు అక్కడితో ఆగేవారు కారు. జాగా కోసమో, కంపెనీ యాప్‌లు నచ్చకో కొన్నింటిని సిస్టమ్ నుంచే తీసేసేవారు. రీసెట్ అయ్యాక పరికరం మొదటి నుంచి మొదలుపెడుతూ ఆ తీసేసిన యాప్‌నే వెతుక్కుంటుంది. అది ఉండదు, దాని మీద ఆధారపడ్డది కూలిపోతుంది. రీసెట్ చేయకముందు కాస్తో కూస్తో నడిచి, చేశాక ఇంకా మొరాయించిన రూటెడ్ పరికరాలు అందుకే అన్ని ఉంటాయి.

అసలు మరమ్మతుకు ముందు మూడు అనుమానాలు తీర్చుకోండి. వీటిని చాలామంది దాటేస్తారు.

మొదటిది కరెంటు. నూక్ కలర్‌తో వచ్చిన కేబుల్ చూడ్డానికి మామూలు మైక్రో యూఎస్‌బీలాగే ఉంటుంది గానీ కాదు. దాని కొన కాస్త పొడవు, లోపల అదనపు పిన్నులుంటాయి, కొన మీద చిన్న దీపం వెలుగుతుంది. ఛార్జ్ ఎక్కుతుంటే నారింజ రంగు, నిండితే ఆకుపచ్చ. ఫోన్ కేబుల్ పెట్టినా ఛార్జ్ ఎక్కుతుంది, కానీ చాలా నెమ్మదిగా. పరికరం నడుస్తూ ఉంటే ఎక్కేదాని కంటే ఖర్చయ్యేదే ఎక్కువ కావచ్చు. ఇది 2010 నవంబర్లో మార్కెట్లోకి వచ్చిన యంత్రం, బ్యాటరీ వయసు మీరే ఊహించుకోండి. లోగో దగ్గర ఆగడమన్నది కేబుల్ పెట్టి ఉన్నప్పుడు జరగకుండా, పీకినప్పుడే జరుగుతుంటే మీ సమస్యకు రూట్‌తో సంబంధం లేకపోవచ్చు. తెర, వైఫై, ప్రాసెసర్ మూడూ ఒక్కసారి మేలుకునే క్షణంలో ముసలి బ్యాటరీ చేతులెత్తేస్తుంది. దాని అసలు కేబుల్ పెట్టి, కదిలించకుండా, ఆకుపచ్చ దీపం వచ్చేదాకా వదిలేయండి.

రెండోది మెమరీ కార్డు. స్లాట్‌లో మైక్రో ఎస్‌డీ కార్డు ఉంటే తీసేయండి. ఈ పరికరానికి ఒక వింత గుణం ఉంది. ఆన్ చేయగానే అది లోపలి మెమరీ కంటే ముందు కార్డునే చూస్తుంది. కార్డులో బూట్ కాగల సరుకు ఉంటే దాంతోనే మొదలైపోతుంది. నూక్ కలర్ అంతమందికి ప్రయోగశాల అయింది ఈ గుణం వల్లే. లోపల ఎంత పాడుచేసినా కార్డుతో మళ్లీ లేపవచ్చు గనక జనం ధైర్యం చేశారు. కానీ అదే గుణం ఇప్పుడు మిమ్మల్ని తిప్పలు పెడుతూ ఉండవచ్చు. రూట్ చేయడానికి వాడిన పాత కార్డు స్లాట్‌లోనే మిగిలిపోయి ఉంటే మీరు చూస్తున్నది లోపలి ఆండ్రాయిడ్ కాకపోవచ్చు. కార్డు తీసి ఒకసారి ఆన్ చేయండి. దీంతోనే కథ ముగిసిపోయినా ఆశ్చర్యం లేదు.

మూడోది, ఇది నిజంగా నూక్ కలరేనా అన్నది. 2011లో వచ్చిన నూక్ టాబ్లెట్ దీని కవల పిల్లలా ఉంటుంది, మూలన ఆ వంపు తిరిగిన కొక్కెంతో సహా. లోపల మాత్రం ప్రాసెసర్ వేరు, పార్టిషన్ల అమరిక వేరు. మోడల్ నంబరు చూడండి. కలర్ అయితే బీఎన్ఆర్‌వీ200, టాబ్లెట్ అయితే బీఎన్‌టీవీ250 లేదా 250ఏ. దించుకునే ఫైళ్ల పేర్లలో కలర్‌కు ‘ఎంకోర్’ అని, టాబ్లెట్‌కు ‘అక్లెయిమ్’ అని సంకేత నామాలుంటాయి. ఒకదాని ఫైలు ఇంకోదానిలోకి ఎక్కిస్తే పార్టిషన్లు తారుమారవుతాయి. అప్పుడు మీరు రాయబోయే ఉత్తరం ఇంతకంటే విషాదంగా ఉంటుంది.

ఇక అసలు పని. నూక్ కలర్‌లో మీరు వాడిన సెట్టింగ్స్ బటన్ కాకుండా లోతైన మార్గం ఒకటుంది. లోపలి మెమరీలో ‘ఫ్యాక్టరీ’ అని ఒక చిన్న పార్టిషన్ ఉంటుంది. పరికరం తయారైన నాటి సాఫ్ట్‌వేర్ మొత్తం ఒక జిప్ ఫైలుగా అందులో పడి ఉంటుంది. ఆన్ చేసిన ప్రతిసారీ పరికరం ఒక అంకెను ఒకటి పెంచుకుంటుంది, పూర్తిగా తెరుచుకుంటే దాన్ని సున్నా చేసుకుంటుంది. వరుసగా ఎనిమిదిసార్లు తెరుచుకోలేకపోతే, ‘ఇక నా సిస్టమ్ పాడైపోయింది’ అని తానే తీర్మానించుకుని ఆ జిప్ ఫైలు విప్పి సిస్టమ్‌ను మళ్లీ రాసుకుంటుంది. మీకు కావాల్సింది ఈ రాత. సూపర్‌యూజర్ పోయేది, తీసేసిన కంపెనీ యాప్‌లు తిరిగొచ్చేది దీనితోనే.

చేసే పద్ధతి మొరటుగా ఉంటుంది. ఆఫ్ చేసి, ఆన్ చేయండి. తెర వెలిగి మొదటి అక్షరాలు కనిపించగానే పవర్ బటన్ నొక్కి పట్టుకోండి, ఆరిపోయేదాకా వదలొద్దు. మళ్లీ ఆన్ చేయండి, మళ్లీ ఆర్పండి. ఇలా ఎనిమిదిసార్లు. మధ్యలో ఒక్కసారి హోమ్ తెర దాకా రానిచ్చారా, లెక్క సున్నాకు పోతుంది, మొదటి నుంచి చేయాలి. ఎన్నోసారో మరిచిపోతే కంగారు పడకుండా కొనసాగించండి. ఎనిమిది నిండాక సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కుతోందన్న సందేశం వస్తుంది. అది వచ్చాక మాత్రం పరికరాన్ని ముట్టుకోవద్దు, కేబుల్ పెట్టే ఉంచండి. సిస్టమ్ రాస్తున్న మధ్యలో కరెంటు పోవడం ఒక్కటే ఈ పద్ధతిలో నిజంగా భయపడాల్సిన విషయం.

రాత ముగిసి తెరుచుకున్నాక ఆఫ్ చేసి, పవర్ బటన్, ముందువైపు ‘ఎన్’ గుర్తున్న బటన్ రెండూ కలిపి నొక్కి పట్టుకోండి. రీసెట్ చేయాలా అని అడుగుతుంది, ‘ఎన్’ బటన్‌తోనే ఒప్పుకోవాలి. ఇది డేటాను తుడుస్తుంది. మొదటి పని సిస్టమ్‌ను తిరిగి రాసింది, రెండో పని మిగిలిన మట్టిని ఊడ్చింది. రెండూ కావాలి. పాత డేటా మీద కొత్త సిస్టమ్ కూర్చుంటే ఫోర్స్ క్లోజ్‌లు ఇంకో రూపంలో మొదలవుతాయి.

పవర్, ‘ఎన్’ బటన్లు నొక్కినప్పుడు మీరు అనుకోని దృశ్యం ఒకటి ఎదురుకావచ్చు. కంపెనీ ప్రశ్నకు బదులు నల్లటి తెర మీద అక్షరాల మెనూ, పైన క్లాక్‌వర్క్‌మాడ్ అని పేరు వస్తే, రూట్ చేసినవారు కంపెనీ రికవరీని (ఆండ్రాయిడ్ తెరుచుకోకపోయినా మరమ్మతు చేసే చిన్న ప్రోగ్రాంను) తీసేసి తమది పెట్టారన్నమాట. అలాంటప్పుడు ఎనిమిదిసార్ల చిట్కా పారదు. ఆ జిప్ విప్పి రాసే పని చేయాల్సింది కంపెనీ రికవరీయే, అదే లేనప్పుడు ఎనిమిది లెక్కపెట్టిన పరికరం పిలిచేది కొత్త రికవరీని. అది మెనూ చూపించి ఊరుకుంటుంది. ఎనిమిదిసార్లు చేసినా ఫలితం లేదని కొందరు నిరాశ పడేది ఇక్కడే. దీనికి మార్గం, కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను క్లాక్‌వర్క్‌మాడ్ ద్వారా ఎక్కించేలా కూర్చిన జిప్ ఫైలు. నూక్ కలర్‌కు వచ్చిన చివరి వెర్షన్ 1.4.3. ఎంకోర్ కోసమేనని ఫైలు పేరులో నిర్ధారించుకుని, కార్డులో వేసి, మెనూలో డేటా, క్యాష్ తుడిచి, ఆ జిప్‌ను ఎక్కించండి. ఇందులో రెండు రకాలు తిరుగుతుంటాయి, ముందే రూట్ చేసి పెట్టినది ఒకటి, మామూలుది ఒకటి. మీకు మామూలుది కావాలి.

ఆ మెనూలో తిరుగుతున్నప్పుడు ఒక హద్దు గుర్తుంచుకోండి. లోపల ‘రోమ్’ అనే పార్టిషన్ ఒకటుంది. పేరు చూసి కస్టమ్ రోమ్‌కు (కంపెనీది కాని, బయటివాళ్లు కూర్చిన ఆండ్రాయిడ్‌కు) సంబంధించిందనో, అనవసరమైనదనో అనుకుంటారు. మీ పరికరం సీరియల్ నంబరు, వైఫై చిరునామా, రిజిస్ట్రేషన్‌కు కావాల్సిన తాళాలు ఉండేది అందులో. అవి ఆ ఒక్క పరికరానికే సొంతం, ఇంకో నూక్ నుంచి తెచ్చి పెట్టలేరు. ఎనిమిది లెక్క రాసుకునే చోటు కూడా అదే. తుడవమని ఎవరు చెప్పినా దాన్ని, ఫ్యాక్టరీ పార్టిషన్‌ను తుడవొద్దు. ఫార్మాట్ అన్న మాట కనిపించిన ప్రతిచోటా దాని పక్కనున్న పేరు చదివాకే వేలు కదపండి. వీలైతే, రికవరీ తెరుచుకున్నప్పుడే ముందుగా ఒక బ్యాకప్ కార్డులోకి తీసి పెట్టుకోండి. పాడైన స్థితి బ్యాకప్ అయినా పరవాలేదు, ఏమీ లేకపోవడం కంటే నయం.

రిజిస్ట్రేషన్ విషయం వేరే. సిస్టమ్ కొత్తగా మెరిసిపోతున్నా అది జరగకపోవచ్చు, ముందే సిద్ధపడండి. ఛార్జ్ పూర్తిగా ఖాళీ అయిన పరికరం తేదీ మరిచిపోతుంది, 1970కో మరెక్కడికో వెళ్లిపోతుంది. భద్రమైన సర్వర్లతో మాట్లాడాలంటే వాటి ధ్రువపత్రాల గడువు సరిచూడాలి. పరికరం దృష్టిలో ఆ ధ్రువపత్రాలన్నీ ఇంకా పుట్టనివే. అందుకే తేదీ మార్చే వీలు ఎక్కడ దొరికినా సరిచేసి మళ్లీ ప్రయత్నించండి. అయినా కుదరకపోతే లోపం మీ చేతిలో లేదు. ఈ పరికరం ఆండ్రాయిడ్ 2.1తో వచ్చింది, 2011 ఏప్రిల్‌లో 2.2కు ఎదిగింది. ఆ ఆండ్రాయిడ్‌కు తెలిసిన రహస్య సంభాషణ పద్ధతుల్లో అన్నిటికంటే కొత్తది టీఎల్ఎస్ 1.0. 2021లో ఆ పద్ధతిని కాలం చెల్లినదిగా అధికారికంగా ప్రకటించారు, సర్వర్లు చాలావరకు అంతకుముందే దానికి తలుపులు మూయడం మొదలుపెట్టాయి. వైఫై కలుస్తుంది, అవతలి సర్వర్ మాత్రం పలకదు. మీరు రాసిన లక్షణం సరిగ్గా ఇదే. ఎన్నిసార్లు రీసెట్ చేసినా దీనికి మందు కాదు.

కాబట్టి లోతైన మార్గంలోకి దిగకముందే ఒక నిర్ణయం చేసుకోండి. ఈ పరికరం మీకు ఎందుకు? కంపెనీ ఖాతాలో కొన్న పుస్తకాలు చదవాలంటే రిజిస్ట్రేషన్ తప్పదు, అది కుదిరితేనే పాత స్థితికి తేవడంలో అర్థం ఉంది. మామయ్య పీడీఎఫ్‌లు, మీరు కేబుల్‌తో ఎక్కించుకునే ఈపబ్ రకం ఈ-పుస్తకాలు చదవడానికే అయితే కంపెనీ సాఫ్ట్‌వేర్ కోసం ఇంత పోరాటం నాకు దండగ అనిపిస్తుంది. మిగతావి పనిచేస్తే మీరిప్పుడు చూస్తున్న ఆ వేరే లాంచర్‌లోనే ఒక చదివే యాప్ ఉంటే చాలు.

మూడో దారి కార్డు. ముందు చెప్పిన ఆ వింత గుణాన్ని మనకు అనుకూలంగా వాడుకోవచ్చు. ఆండ్రాయిడ్ మొత్తాన్ని కార్డు మీదే ఎక్కించి, లోపలి మెమరీని ముట్టుకోకుండా నడపవచ్చు. నూక్ కలర్ కోసం సైనోజెన్‌మాడ్ 7 అనే కస్టమ్ రోమ్‌ను అలా చాలామంది వాడారు, అది ఆండ్రాయిడ్ 2.3. సైనోజెన్‌మాడ్ 2016 చివర్లో మూతపడింది, పాత ఫైళ్లు మాత్రం దాచుకున్నవారి దగ్గర దొరుకుతుంటాయి. ఎనిమిదిసార్ల రాత పూర్తయ్యాక కూడా పరికరం ఎప్పటిలా ఆగిపోతుంటే లోపలి మెమరీ చిప్‌కే వయసు మీద పడి ఉండవచ్చు, అప్పుడు కార్డే దిక్కు. ఇమేజ్ ఫైలును (కార్డు మొత్తానికి నకలుగా ఉండే ఫైలును) కార్డులోకి మామూలుగా కాపీ చేస్తే బూట్ కాదు. డిస్క్ ఇమేజ్ రాసే ప్రోగ్రాంతో రాయాలి. రాసేటప్పుడు ఎదురుగా ఉన్నది కార్డు డ్రైవా, మీ హార్డ్ డిస్కా అని రెండుసార్లు చూసుకోండి. పని అయ్యాక కంప్యూటర్‌లో ఆ కార్డు తన అసలు పరిమాణంలో పిసరంతే కనిపిస్తుంది, పాడైందని భయపడొద్దు, మిగతా పార్టిషన్లు కంప్యూటర్‌కు తెలియని రకానివి. కొత్త కార్డు కొనేటప్పుడు క్లాస్ 10 అన్న అంకె చూసి మురిసిపోకండి. అది పెద్ద ఫైలు వరుసగా రాసే వేగం. ఆండ్రాయిడ్‌కు పని పడేది చిన్న చిన్న ముక్కలను అక్కడక్కడా చదివి రాయడంతో. ఆ అంకె తక్కువున్న కార్డులే ఇందులో కొన్నిసార్లు మెరుగ్గా నడిచాయి.

ఏ దారి ఎంచుకున్నా అందులో ముఖ్యమైన ఈమెయిల్, బ్యాంకు ఖాతాల పాస్‌వర్డులు పెట్టకండి. ఎప్పుడో భద్రతా సవరణలు ఆగిపోయిన ఆండ్రాయిడ్, పైగా ఎవరు రూట్ చేశారో తెలియని పరికరం. చదువుకునేటప్పుడు వైఫై ఆపేస్తే బ్యాటరీకి కూడా మంచిదే.

ఇది చదువుతున్నవారిలో కొత్త తరం ఆండ్రాయిడ్ రీడర్లు, ఈ-ఇంక్ తెరవి, రూట్ చేసుకున్నవారు కూడా ఉంటారు. వారికి రెండు మాటలు. మ్యాజిస్క్ అనే రూట్ ప్రోగ్రాంతో చేసిన రూట్ సిస్టమ్‌ను కాకుండా బూట్ ఇమేజ్‌ను (పరికరాన్ని మొదలుపెట్టే భాగాన్ని) మారుస్తుంది. రీసెట్ బూట్ పార్టిషన్‌నూ ముట్టుకోదు కాబట్టి అక్కడా సగం రూట్ మిగులుతుంది. మ్యాజిస్క్‌కు జోడించుకున్న మాడ్యూళ్లు, అనుమతులు డేటాలో ఉంటాయి గనక అవి పోతాయి, మార్చిన బూట్ ఇమేజ్ ఉంటుంది. పూర్తిగా వదిలించుకోవాలంటే రీసెట్‌కు ముందే మ్యాజిస్క్‌లోని అన్‌ఇన్‌స్టాల్‌తో అసలు బూట్ ఇమేజ్‌ను తిరిగి పెట్టాలి. గూగుల్ సేవలున్న ఆండ్రాయిడ్ 5.1, ఆపై పరికరాల్లో ఇంకో చిక్కు ఉంది. రికవరీ నుంచి రీసెట్ చేస్తే అంతకుముందున్న గూగుల్ ఖాతా వివరాలు అడగవచ్చు. చేతులు మారిన పరికరమైతే పాత యజమాని చేత ఖాతా తీయించాకే రీసెట్‌కు వెళ్లండి. నూక్ కలర్ ఆ రక్షణ పుట్టకముందుది, మీకు ఆ బెడద లేదు.

మీరు ఈ రోజు చేయాల్సింది పీడీఎఫ్‌లు కాపీ చేసి, కార్డు తీసేసి, అసలు కేబుల్‌తో ఛార్జ్ పెట్టడం. అది నిండాక పవర్, ‘ఎన్’ బటన్లు కలిపి నొక్కి ఏ తెర వస్తుందో చూడండి, దేనికీ ఒప్పుకోకుండా ఆర్పేయండి. కంపెనీ ప్రశ్నా, క్లాక్‌వర్క్‌మాడ్ మెనూనా అన్నది తేలితే పైన చెప్పిన రెండింటిలో మీ దారి ఏదో మీకే తెలుస్తుంది. రెండూ కాక వేరే ఏదైనా వస్తే, తెర మీది అక్షరాలను ఉన్నవున్నట్టుగా రాసి పంపండి. వాటిని చూడకుండా చెప్పే సలహా మీ పరికరానికి మేలు చేయదు.